ఆరు డబ్బాల సముద్రం

మాఘ పౌర్ణమి నాటి పొద్దున ఇడ్లీలు తింటూ నాగబాబు ఆ రోజు కార్యక్రమం ప్రకటించాడు. తొమ్మిదింటికి బస్టాండులో బందరు బస్సు నుంచి ఆరు డబ్బాల సముద్రపు నీళ్ళు దించుకోవాలి. పదకొండింటికి గవర్నర్‌పేట కొట్టులో చేపలు కొనాలి. ఒంటిగంటకు చేపలు తొట్టెలో ఈదుతూ ఉంటే ఇంటిల్లిపాదీ చూస్తూ భోంచేయాలి. అంతా విన్న భార్య నాగలక్ష్మికి మాత్రం ఒంటిగంటకు వెల్లకిలా తేలిన రెండు చేపలు కళ్ళకు కట్టాయి.

ఆమె భయపడడానికి కారణం లేకపోలేదు. కూతురు సత్యశ్రీ ఇదివరకు రెండుసార్లు గాజు గిన్నెలో బంగారు చేపల్ని పెంచింది. రెండుసార్లూ అవి వారం తిరక్కుండా పోయాయి. రెండోసారి పిల్ల రెండు రోజులు అన్నం ముట్టక, మూడోరోజు స్కూలు మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఈ రోజు తన పుట్టినరోజుకు ఉప్పునీటి చేపలే కావాలంది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్నవి, రెండు. ఈసారి చేపకేమైనా అయితే చేపతో పోదని నాగలక్ష్మి భయం. పరీక్షలు కూడా దగ్గర పడుతున్నాయి.

చేపల కొట్టు రామలింగం చెప్పవలసింది చెప్పాడు. దీనికోసమే చేసిన ఉప్పు ప్యాకెట్టు కొనాలి, మంచినీళ్ళలో కలపాలి, చేపల్ని వేయకుండా నీళ్ళు కుదురుకునేదాకా నెల రోజులు గాలి పంపు నడపాలి, ఆ తరువాతే చేపలు. నాగబాబు నవ్వాడు.

"మా తాతలు సముద్రం మీద బతికినోళ్ళండి. మాకు ఉప్పు అమ్ముతారా?"

తాతలు సముద్రం మీద బతికిన మాట నిజమే. నాగబాబు మాత్రం ఇరవై ఏళ్ళుగా లాడ్జి మేనేజరుగా కౌంటరు వెనక బతుకుతున్నాడు. సముద్రంతో అతనికి మిగిలిన చుట్టరికం ఆదివారం చేపల పులుసు. అయినా సరే, ఖర్చు లేకుండా పని కానిస్తానని పంతం పట్టాడు. లాడ్జి హాల్లో ప్లాస్టిక్ పూలు పెట్టుకునే గాజు తొట్టెను ఇంటికి తెచ్చాడు. బందరు దగ్గర ఊళ్ళో ఉంటున్న తల్లి పెద్దింట్లమ్మకు ఫోన్ చేసి సముద్రపు నీళ్ళు పంపమన్నాడు. అవతల కాసేపు మాట లేదు. తరువాత "సర్లే, పంపుతాలే" అంది. కొడుకు మాటకు తల్లి మురిసిపోయి మాట రాక ఆగిందనుకున్నాడు నాగబాబు.

డబ్బాలు అనుకున్న వేళకే గుణదలలోని ఇంటికి చేరాయి. మూత తీయగానే వాసన గుప్పుమంది. నాగలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాగబాబు వేలు ముంచి, నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"మంగినపూడే. ఒక్క చుక్క పడితే చాలు, చెప్పేస్తా."

ఇసుక కడిగి తొట్టెలో పరిచి, నీళ్ళు పోసి ఉంచమని భార్యకు చెప్పి, కూతుర్ని బండెక్కించుకుని చేపల కోసం వెళ్ళాడు.

నాగలక్ష్మి వరండాలో ఇసుక కడుగుతూ ఉండగా మేడ మీది ఇంటావిడ వెంకటరత్నమ్మగారు దిగొచ్చారు. ఏటా మాఘ పౌర్ణమికి మంగినపూడిలో సముద్ర స్నానం చేసే మనిషి. ఈ ఏడు మోకాళ్ళు బస్సెక్కనివ్వలేదు. డబ్బాల్లో ఏముందో తెలియగానే రెండు చేతులూ జోడించారు.

"నేను పోలేకపోతే సముద్రమే నా గుమ్మంలోకొచ్చిందమ్మా. ఒక్క చెంబు పొయ్యి, స్నానంలో కలుపుకుంటా."

పర్వం నాడు, పుణ్యం అడిగిన పెద్దావిడకు, లేదనడమా? లేదంటే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? ఎవరి పుట్టినరోజైతే వాళ్ళకే కదా. నాగలక్ష్మి చెంబు నింపింది. వెంకటరత్నమ్మగారు వాసన పీల్చి, సముద్రమంటే ఇదీ అని కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కారు.

మెట్ల మీద కనిపించిన ఇద్దరికి ఆవిడ చెప్పారు. ఆ ఇద్దరూ వీధికి చెప్పారు. పావుగంటలో గేటు దాకా వరుస తయారైంది. చెంబులు వచ్చాయి, బిందెలు వచ్చాయి, ఒకాయన భార్య కోసమని చెప్పి బకెట్టు తెచ్చాడు. ఎవరో డబ్బాలకు పసుపు కుంకుమ పెట్టారు. ఇంకెవరో కొబ్బరికాయ కొట్టి, చిప్ప నాగలక్ష్మి చేతిలోనే పెట్టారు. పుణ్యంతో పనిలేని ఎదురింటావిడ కూడా కాలి దురదకు మంచిదని ఒక సీసా పట్టుకెళ్ళింది. ఒకరికి పోసి ఒకరికి లేదనడం మొదటివాళ్ళకే లేదనడం కంటే పాపమని నాగలక్ష్మికి అప్పటికప్పుడు తోచింది. తొట్టె సగం నిండినా చాల్లే అనుకుంది. తరువాత పావు చాల్లే అనుకుంది. జనం వెళ్ళాక చూస్తే మిగిలింది అరడబ్బా.

అప్పుడే బండి ఆగింది. సత్యశ్రీ ఒళ్ళో పాలిథిన్ సంచి, సంచిలో రెండు చేపలు. సంచిలో గాలి రెండింటి దాకే సరిపోతుందని, నెల ఆగకుండా వేస్తే పూచీ తనది కాదని రామలింగం తెగేసి చెప్పాడట. అప్పటికి టైము పన్నెండున్నర.

నాగబాబు ఖాళీ డబ్బాల్ని చూశాడు, వాటి కుంకుమ బొట్లని చూశాడు, భార్య చేతిలో కొబ్బరిచిప్పని చూశాడు.

"సముద్రాన్ని చెంబులతో పంచిపెట్టావా?"

"పర్వం నాడు లేదనమంటారా? పిల్లదానికి తగిలితే?"

సత్యశ్రీ సంచి పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం తినమంటే తల అడ్డంగా ఊపింది. అది చూసి నాగలక్ష్మికి స్కూలు మెట్లు గుర్తొచ్చాయి.

ఇచ్చిన సముద్రాన్ని వెనక్కి తెస్తానని నాగబాబు బకెట్టు పట్టుకుని వీధిలోకి వెళ్ళాడు. చాలామంది స్నానాలు అయిపోయి తడి జుట్టుతో, ప్రశాంతంగా తలుపు తీశారు. ఒకావిడ తీర్థం తిరిగి అడగడం ఎక్కడా వినలేదంది. బకెట్టు పట్టుకెళ్ళినాయన మాత్రం దయతలచి, భార్య స్నానం చేయగా మిగిలింది ఇచ్చాడు. అందులో పసుపు, ఒక మందార రేక తేలుతున్నాయి. ఆ నీళ్ళతో నాగబాబు తిరిగొచ్చేసరికి ఒకటింబావు.

పెళ్ళయిన ఈ పదహారేళ్ళలో నాగలక్ష్మి భర్తను అడగకుండా చేసిన పనులు తక్కువ. ఇది అందులో ఒకటి. ఆటోను పిలిచి, కూతుర్ని, చేపల సంచిని, మిగిలిన అరడబ్బాను ఎక్కించింది. నాగబాబు బకెట్టు కింద పెట్టి తనూ ఎక్కక తప్పలేదు.

కొట్టులో రామలింగం ముందు చేపల్ని తన తొట్టెలోకి మార్చాడు. తరువాత డబ్బా మూత తీసి, తల వెనక్కి లాక్కున్నాడు. ఉప్పెంతుందో తెలిపే చిన్న గాజు గొట్టం నీళ్ళలో వేసి చూశాడు. ఒక గ్లాసులో పట్టి, కుళ్ళు ఉంటే తెలిపే మందు చుక్కలు వేశాడు. రంగు ముదురాకుపచ్చకు తిరిగింది.

"ఇందులో ఏసుంటే గంట బతికేయి కాదండి. ఇది సముద్రం కాదు."

నాగబాబుకు పౌరుషం వచ్చింది. తన సముద్రాన్ని తనకే కాదంటారా అని, అక్కడికక్కడే తల్లికి ఫోన్ కలిపి అందరికీ వినిపించేలా పెట్టాడు. ఈ నీళ్ళు ఎక్కడివో ఈయనకు చెప్పమన్నాడు.

"ఎక్కడియ్యేంట్రా, మన చేతిపంపుయ్యి" అంది పెద్దింట్లమ్మ. "డబ్బాకి రెండు దోసిళ్ళు ఉప్పేశాను."

"ఏ ఉప్పు?"

"ఎండుచేపలకి పట్టించిన ఉప్పు మిగిలితేను, అదే. ఒరే, చేపనడిగితే గంగమ్మతల్లి ఇత్తది. తల్లినే డబ్బాలో పోసి, మూతేసి, బస్సు డిక్కీలో తోసెయ్యమంటావా? మీ నాయనుంటే నిన్ను పడవ తాడుతో కట్టేసేవోడు. కాదంటే పిల్లది చిన్నబుచ్చుకుంటదని పంపాను."

ఒక్క చుక్కతో మంగినపూడిని గుర్తుపట్టిన నాలుకను నాగబాబు నోట్లోనే దాచుకున్నాడు. నాగలక్ష్మి మనసులో లెక్క చూసుకుంది. వెంకటరత్నమ్మగారు దిగిరాకపోతే, తను భయపడకపోతే, ఈపాటికి ఆ డబ్బాలన్నీ తొట్టెలో ఉండేవి. చేపలు కూడా.

"నేను పంచిపెట్టబట్టే బతికాయి" అంది, ఎవరికీ కాదన్నట్టు.

నాగబాబు ఉప్పు ప్యాకెట్టు కొన్నాడు. నెల పూర్తయ్యేదాకా చేపలు కొట్టులోనే ఉంటాయని, రోజూ బడి నుంచి వచ్చేటప్పుడు చూసి పోవచ్చని రామలింగం ఒప్పుకున్నాడు. పక్క హోటల్లో సత్యశ్రీ రెండు ప్లేట్లు భోంచేసింది. మూడోసారి సాంబారు అడిగినప్పుడు, ఇంత తింటే అరగదేమోనని నాగలక్ష్మికి కొత్త భయం పట్టుకుంది.

సాయంత్రం మేడ మెట్ల మీద వెంకటరత్నమ్మగారు ఎదురయ్యారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతున్నారు. సముద్ర స్నానాలకు ఇన్నేళ్ళు వెళ్ళినా మోకాళ్ళ నొప్పి ఇంతలా ఎప్పుడూ తగ్గలేదని, వచ్చే పర్వానికి వీధి మొత్తానికీ కలిపి పది డబ్బాలు తెప్పించమని అడిగారు. నిజం చెబుదామని నాగలక్ష్మి నోరు తెరిచి, ఆ మోకాళ్ళ వంక చూసి మూసేసింది. పది డబ్బాల మాట నాగబాబు ఫోన్లో తల్లి చెవిన వేశాడు.

పెద్దింట్లమ్మకు అభ్యంతరం లేదు. చేతిపంపు బాగానే పనిచేస్తోందట.