పంతొమ్మిది చిల్లుల దుకాణం

యుద్ధం ఆగిన మూడో నెలలో పునర్నిర్మాణ మంత్రిగారు మా బజారు నడిబొడ్డున నిలబడి, "ఇది శిథిలం కాదు, అవకాశం" అని ప్రకటించారు. అంత పెద్ద అవకాశం మధ్యలో ఇన్నాళ్లూ గొడుగులు బాగుచేసుకుంటూ కూర్చున్నందుకు నాకు సిగ్గేసింది.

గురువారం ఇన్వెస్టర్లు వస్తున్నారు. తూటా చిల్లులు పడ్డ ప్రతి దుకాణాన్నీ వాళ్ల డబ్బుతో కొత్తగా కట్టిస్తారట. లిస్టులో మొదటిది మా బావ టైలర్ షాపు, సరిగ్గా నా ఎదురుగానే.

బుధవారం ఆఫీసరుగారు వచ్చి గోడ చూశారు. ఫైలు చూశారు. మళ్లీ గోడ చూశారు.

"ఏమయ్యా, ఫైల్లో పంతొమ్మిది చిల్లులున్నాయి. ఏవీ?"

"పూడ్చేశాను సార్. వానకి కుట్టిన బట్టలన్నీ తడిసిపోతున్నాయి."

"ఎవర్నడిగి పూడ్చావు?"

"వాన నన్నడిగి వచ్చిందా సార్?"

ఆఫీసరుగారు దయామయులు. ఆ మాట ఫైల్లో ఎక్కించలేదు. "డ్యామేజీ లేకపోతే డెవలప్‌మెంట్ ఎక్కణ్ణించి వస్తుందయ్యా" అని బాధపడి, మేస్త్రీని పిలిపించి డ్రిల్లింగ్ మిషన్‌తో ఒక చిల్లు పెట్టించారు. అది క్యాలెండర్ తగిలించుకునే చిల్లులా వచ్చింది. నాణ్యతలో రాజీపడని మనిషి కనక, ఇద్దరు జవాన్లను తుపాకులతో రప్పించారు.

బావ కుట్టుమిషన్ని నా షాపులోకి మోసుకొచ్చాడు. "నా చేత్తో పూడ్చుకున్న గోడరా" అన్నాడు. అభివృద్ధికి అడ్డుపడకూడదని, గొడుగులు జరిపి మిషన్‌కి చోటిచ్చాను.

పదిహేడో తూటాకి ఏటి అవతలి శత్రువులు, మనం మళ్లీ యుద్ధం మొదలుపెట్టామనుకుని జవాబిచ్చారు. ఒక్కటే షెల్లు. అందరం ముందే నేలకి కరుచుకున్నాం కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. టైలర్ షాపు మాత్రం మట్టికుప్పయింది. ముక్కలు ఎగిరొచ్చి నా గోడకి తొమ్మిది చిల్లులు పడ్డాయి.

గురువారం ఆఫీసరుగారు ఏమీ జరగనట్టే వచ్చారు. బావ దణ్ణం పెట్టి, "ఇప్పుడు పూర్తిగా దెబ్బతింది సార్" అన్నాడు. ఆయన కుప్ప చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఫైల్లో రాశారు: "గోడ లేనందున చిల్లులు లెక్కకు రాలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

తర్వాత నా గోడ ముందు ఆగి, ఒక్కో చిల్లులో వేలుపెట్టి మరీ లెక్కపెట్టారు. ఇన్వెస్టర్లను వెంటబెట్టుకొచ్చిన మంత్రిగారు నాతో చేయి కలిపారు. ఫొటో పేపర్లో పడింది. మంజూరయ్యేదాకా గోడ ముట్టుకోవద్దని ఆఫీసరుగారు మరీ మరీ చెప్పి వెళ్లారు.

అది జరిగి రెండు వానాకాలాలైంది. బావ పాత ఇటుకలే ఏరుకుని గోడ లేపుకున్నాడు, మళ్లీ కుడుతున్నాడు. నిన్న జల్లు పడుతుంటే గమేళాలో సిమెంటు కలుపుకుని నా గుమ్మంలోకొచ్చాడు.

"బామ్మర్దీ, ఆ చిల్లులు పూడ్చేయనా?"

"వద్దు బావా, నేను లబ్ధిదారుణ్ణి" అన్నాను, నా షాపులోనే గొడుగు కింద కూర్చుని.