పెట్టెకు గాలి మార్పు

శుక్రవారం పొద్దున్నే బాలసరస్వతి సంచీ సర్దడం మొదలుపెట్టింది. రెండు మెత్తటి తువ్వాళ్ళు, ఒక దిండు గలీబు, దూది, కర్పూరం బిళ్ళలు, చిన్న స్క్రూడ్రైవరు, దిష్టి తియ్యడానికి నిమ్మకాయలు, విభూతి పొట్లం. ప్రయాణం మంగినపూడికి. బందరు దాటాక సముద్రపు ఒడ్డున నాలుగు రోజుల విశ్రాంతి. ప్రయాణం కడుతున్నది ఆ ఇంటి కంప్యూటరు. దానికి వేడి చేసింది.

భవానీపురంలో ఆ అపార్టుమెంటువాళ్ళకి ఈ సంగతి వింతగా తోచలేదు. చదువుతున్న మీకూ తోచదనే నమ్మకంతో ముందుకు పోదాం.

బాలసరస్వతి భర్త జానకిరామయ్య గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయనకి కంకిపాడు దగ్గర మంచి మాగాణి ఉండేది. ఊళ్ళో అందరూ అమ్ముతున్నారు గనక ఆయనా అమ్మారు. వరి పండిన చోట ఇప్పుడు సున్నం కొట్టిన హద్దురాళ్ళు పండుతున్నాయి. పొలం ఉన్నన్నాళ్ళూ గట్టు మీద కాలు పెట్టడానికి తీరిక దొరకని మనిషికి, అమ్మిన మర్నాటినుంచే వ్యవసాయం మీద బెంగ పట్టుకుంది. ఆ బెంగ తీరడానికి, కుర్రాళ్ళు యుద్ధాల ఆటలాడుకునే పెద్ద కంప్యూటరొకటి కొనుక్కుని, అందులో సేద్యం చేసే ఆట వేయించుకున్నారు. పక్కన అద్దం, లోపల రంగు దీపాలు, మూడు ఫ్యాన్లు. అందులో ఆయనకి కనుచూపు మేర పొలం. దోమపోటు లేదు, తుఫాను లేదు. ఆయన సర్వీసు మొత్తంలో చివరి భూములకి ఒక్కసారీ చేరని కాలువ నీళ్ళు, ఇక్కడ మీట నొక్కగానే చేరేవి. ఇంతటి అభివృద్ధి తన హయాములోనే జరిగినందుకు ఆయన వినయంగా గర్వపడేవారు.

ఒక్కటే లోపం. పంట కోతకొచ్చి యంత్రం పొలంలో దిగేసరికి కంప్యూటరు పెట్టె కాగిపోయి, తెర నల్లబడి, ఆట ఆరిపోయేది. పెట్టె ఆగ్నేయ మూల గూట్లో, వీపు గోడకి ఆనించి ఉండేది. విద్యుత్తు వస్తువు అగ్ని మూలన ఉండాలని వాస్తు పండితుడు చెప్పాడు. లోపలి వేడి బయటికి పోవలసింది ఆ వీపులోంచే. అయితే ఆ సంగతి వాస్తులో లేదు.

వైద్యం మొదలైంది. పడకగదిలో ఉన్న ఏసీని ఊడదీసి పెట్టె గదిలో బిగించారు. భార్యాభర్తలు హాల్లో చాప మీదికి మారారు. కిటికీకి వట్టివేళ్ళ తడకలు కట్టారు. పెట్టె గది పైన డాబా కాగుతోందని, దాని మీద గోనె సంచులు పరిచి, వాటిని తడుపుతూ ఉండాలని జానకిరామయ్య గారు మౌఖిక ఉత్తర్వులు జారీ చేశారు. డాబా మీది కొళాయికి అపార్టుమెంటు సంఘంవాళ్ళు తాళం వేశారు కాబట్టి, మూడో అంతస్తులోని తమ ఇంట్లోంచి బిందెలతో నీళ్ళు మొయ్యాలి. ఎండ నడినెత్తికి వచ్చాకే వేడి ఎక్కువ కాబట్టి, అప్పుడే మొయ్యాలి. మోసేది శౌరమ్మ.

శౌరమ్మ ఒకప్పుడు ఆ కంకిపాడు పొలంలోనే నాట్లు వేసేది. పొలం పోయాక నాట్లూ పోయి, విద్యాధరపురం కొండవార రేకుల గదిలో చేరి, పాత యజమానుల ఇంట్లోనే అంట్లు తోముతోంది. మొదటిసారి తెర మీద పచ్చటి పొలం చూసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఇంత చేనుకి కూలోళ్ళు ఒక్కళ్ళూ కనపడరేంటయ్యగారూ?"

"అక్కర్లేదు శౌరమ్మా. అంతా మిషన్లే."

"మరి నాట్లెవరేశారు?"

"మీట నొక్కితే పడిపోతాయి."

"ఆ మీటది అదృష్టమండీ. నడుం నొప్పుండదు," అని శౌరమ్మ బిందె ఎత్తుకుని మెట్లెక్కింది.

బాలసరస్వతి బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కాదు. బస్సుల మీది ఊళ్ళ పేర్లూ, పచారీ పొట్లాల కాగితాలూ కూడబలుక్కుని చదువు నేర్చింది. అందుకని అచ్చులో ఉన్న ప్రతి మాటా నిజమని భయపడేది. ఆ వారం పేపర్లో వడగాడ్పుల హెచ్చరిక పడింది. మధ్యాహ్నం వేళ ఎండలో పని చేయించరాదు. తల తిరుగుతోందన్నా, ఎండలో చెమట పట్టడం ఆగినా వెంటనే నీడకి చేర్చి, తడిబట్టతో ఒళ్ళు తుడిచి, మజ్జిగ ఇవ్వాలి. ఆవిడ దాన్ని పైకి చదివి వినిపించింది. జానకిరామయ్య గారు శ్రద్ధగా విని, ప్రతి అంశాన్నీ పెట్టె విషయంలో అమలు పరిచారు. నీడకి కిటికీ తెరలు వేయించారు. తడిబట్ట చుట్టూ ఆరవేయించారు. మజ్జిగ విషయంలో కొంత చర్చ జరిగి, దాని తరఫున ఆయనే తాగడానికి అంగీకరించారు.

"ఏవండీ, ఎండలో పని చేయించకూడదట. శౌరమ్మ మొహం చూశారా, కందగడ్డలా అయింది."

"అది కూలీల గురించి రాశారే. శౌరమ్మ కూలీ ఏమిటి? మనింటి మనిషి."

ఇంటి మనిషి అన్నాక నిబంధనలు వర్తించవు. ఈ సౌకర్యం మన దేశంలో తరతరాలుగా ఉంది. గురువారం నాడు శౌరమ్మ వంటింటి గట్టు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. నిన్నట్నుంచీ తల తిరుగుతోంది. కళ్ళ ముందు మిణుగురుపురుగులు."

"రేపు రాకు. పడుకో."

"నేను పడుకుంటే ఆ పెట్టె పడుకుంటదంట గదమ్మా! మా ఇంటాయన పోయేముందు కూడా ఇంత సేవ చెయ్యలేదు నేను," అని నవ్వింది శౌరమ్మ. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

ఈలోగా పెట్టెకి బాగాలేదని తెలిసి పరామర్శలు మొదలయ్యాయి. ఎవరూ వట్టి చేతులతో రాలేదు. కొందరు బత్తాయిలు తెచ్చారు, కొందరు కొబ్బరిబొండాలు. పెట్టె ఎదుట కూర్చుని, ఏసీ చల్లదనం అనుభవిస్తూ, తెచ్చినవి తామే తిని, "పోయినసారి కంటే నయంగానే ఉందండీ" అని ధైర్యం చెప్పి వెళ్ళేవారు. ఆ తొక్కలు ఊడ్చేది కూడా ఇంటి మనిషే.

చివరికి జానకిరామయ్య గారు గవర్నర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే కాశింకి ఫోను చేశారు.

"ఏముంది సార్, దానికి గాలి మారాల," అన్నాడు కాశిం. "ఇప్పుడున్న చోట గాలాడట్లా. మీరు ఏం చేస్తారంటే, దాన్ని ఆ గోడ కాణ్ణుంచి..."

అక్కడ జానకిరామయ్య గారు ఫోను పెట్టేశారు. రోగం తెలిశాక మందు ఆయనకే తెలుసు. చిన్నతనంలో ఆయనకి కోరింత దగ్గు వస్తే డాక్టరు ఇదే మాట అన్నాడు, బందరులో మేనత్తగారింట్లో ఉంచితే తగ్గిపోయింది.

"విన్నావుటే? గాలి మార్పు! స్పెషలిస్టే చెప్పాడు."

మంగినపూడిలో గది మాట్లాడారు. శుక్రవారం సంఘం అధ్యక్షుడు హనుమయ్య గారు వీడ్కోలు సభకి వచ్చి, శాలువా ఎవరికి కప్పాలో కొంతసేపు ఆలోచించి, పెట్టెకే కప్పారు.

"సోదరులారా! ఎండలు అందరికీ ఉన్నాయి. కానీ ఎండ బాధని గుర్తించే హృదయం ఎందరికుంది? మూగ యంత్రం నోరు తెరిచి అడగలేదు. అడగకముందే దాని అవసరం కనిపెట్టిన జానకిరామయ్య గారి మానవత్వం మనందరికీ ఆదర్శం! ఇంత వేడిలో ఒక్క ప్రాణి కూడా బాధపడకూడదన్నదే మన సంఘం ఆశయమని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను." చప్పట్లు మోగాయి. ఆ సమయానికి శౌరమ్మ డాబా మీద గోనె సంచులు తడుపుతోంది గనక, ఆ ఆశయం ఆమె చెవిన పడలేదు.

పెట్టె ఊరు వెళ్ళిపోతుంటే డాబా ఎందుకు తడపాలని అడిగే పాఠకులు ఉండవచ్చు. ఉత్తర్వులు రద్దు కాలేదు. రద్దు చేయవలసినవారు సభలో ఉన్నారు.

రాహుకాలం వెళ్ళేదాకా ఆగి, మిట్టమధ్యాహ్నం బయలుదేరారు. లిఫ్టులో గాలాడదని పెట్టెని మెట్ల మీంచే దింపించారు. జానకిరామయ్య గారు మౌసు పట్టుకుని ముందు నడిచారు. పెట్టెని కారు డ్రైవరూ శౌరమ్మా చెరో పక్కా పట్టుకున్నారు. ఆ తర్వాత తెర కోసం ఒకసారి, కరెంటు పోతే ఆదుకునే బరువైన బ్యాటరీ కోసం ఒకసారి, మరిచిపోయిన దిండు గలీబు కోసం ఒకసారి శౌరమ్మ మెట్లెక్కి దిగింది. పెట్టెని వెనక సీట్లో పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టి, ఏసీ దాని వైపు తిప్పారు. దాంతో బాలసరస్వతికి చోటు లేకపోయింది.

ఇక్కడ ఆవిడ అలవాటొకటి చెప్పాలి. ఆ ఇంట్లోంచి ఎవరూ "వెళ్తాను" అని వెళ్ళడానికి వీల్లేదు. "వెళ్ళొస్తాను" అనాలి. కరెంటు బిల్లు కొట్టే కుర్రాడు మర్చిపోతే మెట్ల దాకా వెంటపడి అనిపించేది. ఆవిడ తండ్రి గొడుగు చంకన పెట్టుకుని "పోతున్నానే" అన్నాడు. చెల్లెలు రైలు కిటికీలోంచి "ఇక వెళ్తానక్కా" అంది. వాళ్ళిద్దర్నీ ఆవిడ మళ్ళీ చూడలేదు. వెళ్ళొస్తామన్నవాళ్ళలో కూడా కొందరు రాలేదు కానీ, ఆ సంగతి ఆవిడ ఆలోచించుకునేది కాదు.

అందుకని మజ్జిగ గ్లాసు ఒక చేత్తో, హారతి పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని కిందికి వచ్చింది. మజ్జిగ శౌరమ్మకి. శౌరమ్మ గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒంటి మీద చెమట కూడా లేదు.

"హారతి ఏదే? వర్జ్యం వచ్చేస్తోంది!" అని కారులోంచి కేక వినబడింది.

బాలసరస్వతి గ్లాసు గేటు దిమ్మ మీద పెట్టి కారు దగ్గరికి పరుగెత్తింది. దిష్టి తీసింది. అద్దం మీద విభూతి పెట్టింది.

"ఏవండీ, వెళ్ళొస్తానని చెప్పండి."

"వెళ్ళొస్తాను."

"దాని తరఫున కూడా."

"అది కూడా వెళ్ళొస్తుంది. ఇక చాలా?"

వెనకనుంచి నీరసంగా ఒక గొంతు వినబడింది. "నేను ఇంటికెల్తానమ్మా."

"ఆఁ, సరే," అంది బాలసరస్వతి, కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ. తిరిగి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. దిమ్మ మీద గ్లాసు అలాగే ఉంది. మజ్జిగ మీద దుమ్ము పడింది. అప్పుడు తట్టింది ఆవిడకి, తను విన్న మాటేమిటో. చెప్పుల్లేకుండా రోడ్డు చివరి దాకా పరుగెత్తి, "శౌరమ్మా, వెళ్ళొస్తానను! వెళ్ళొస్తానని అనవే!" అని అరిచింది. ఆ ఎండలో రోడ్డు మీద వినేవాళ్ళెవరూ లేరు.

మంగినపూడిలో పెట్టెని గది మధ్యన బల్ల మీద పెట్టారు. నలువైపులా గాలి ఆడింది. నాలుగు రోజులూ ఒక్కసారైనా ఆగలేదు. జానకిరామయ్య గారు పంట మొత్తం కోసి గాదెలు నింపారు. సముద్రపు గాలి మహిమని ఫోన్లో ఊరంతటికీ తెలియజేశారు. మంగళవారం సాయంత్రం సంఘంవాళ్ళు పూలమాలతో ఎదురెళ్ళి పెట్టెని పైకి తెచ్చి, ఆగ్నేయ మూల గూట్లో, వీపు గోడకి ఆనించి పెట్టారు. బుధవారానికి మళ్ళీ వేడి చేసింది. ఈసారి ఊటీ అనుకుంటున్నారు. చూడవచ్చేవారు బత్తాయిలు తేవచ్చు.

మూడో అంతస్తులో పనికి మనిషి కావాలని గేటుకి కాగితం అంటించారు. మెట్లెక్కే ఓపిక ఉన్నవారికి ప్రాధాన్యం, ఇంటి మనిషిలా చూసుకోబడును.

శౌరమ్మ ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్తూ, దారిలో కుమ్మరిపాలెం సెంటరులో, మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద నీడకి కూర్చుంది. అక్కణ్ణుంచి లేవలేదు. తిరిగి రాలేదు. మే నెల ఇరవై మూడు, శుక్రవారం.