దాలినాయుడు గారి దగ్గరికి దాలినాయుడు

మండలాధ్యక్షుడిగా ప్రమాణం చేసిన మధ్యాహ్నం గెడ్డవలస సర్పంచ్ పొట్నూరు దాలినాయుడు ఇద్దరయ్యాడు. పాత మనిషి సర్పంచ్‌గానే పక్కకు జరిగి నిలబడ్డాడు. కొత్త మనిషి దండలు వేయించుకున్నాడు. ఒకే మనిషి రెండు పదవుల్లో ఉండకూడదని నిబంధన ఉంది కాబట్టి అధికారులకు పని తేలికైంది. జనమైతే ఊగిపోయారు. ఒకడికి ఓటేస్తే ఇద్దరు దొరికారు! డప్పులు మోగాయి, బాణసంచా పేలింది, ఇద్దరు దాలినాయుళ్లనూ ఒకే ట్రాక్టరు మీద ఊరేగించారు.

సాయంత్రం ఇంటికి మాత్రం సర్పంచ్ ఒక్కడే వచ్చాడు.

"రెండోవోడేడీ?" అని అడిగింది భార్య చిన్నమ్మడు, మొగుడికని రెండు కంచాలు పెట్టుకుని.

"ఆడికి మండలంలో క్వార్టర్సు ఇచ్చారే! ఇంక మన గెడ్డ మీద వంతెన వచ్చేసినట్టే. అడిగేదీ నేనే, ఇచ్చేదీ నేనే!"

గెడ్డ అంటే ఊరి వాగు. వానాకాలం వస్తే దారి మూసేస్తుంది. నొప్పులొచ్చిన ఆడవాళ్లను మంచంతో సహా మోసుకుని నీళ్లలో దాటించాలి. దాలినాయుడు అసలు సర్పంచ్‌గా నిలబడిందే ఆ వంతెన కోసం.

మండలాధ్యక్షుడు అతన్ని కౌగిలించుకుని, కాఫీ ఇప్పించి, వంతెన జిల్లా పరిషత్తు చూడాల్సిన పని అని చెప్పాడు. ఊరు ఊరంతా కదిలి, ఆయన పరిషత్ చైర్మన్ అయ్యేదాకా ప్రచారం చేసింది. ప్రమాణం రోజున మూడో దాలినాయుడు బయటికొచ్చాడు. ఈయన కాఫీ ఇప్పించలేదు గానీ నవ్వుతూనే మాట్లాడాడు. ఎమ్మెల్యే తలుచుకోవాలన్నాడు.

ఊరు మళ్లీ జెండాలు పట్టింది. ఫలితం వచ్చిన రోజు సర్పంచ్ అందరికంటే ఎక్కువ గెంతాడు. ఒళ్లంతా రంగు పూసుకుని, గొంతు బొంగురుపోయేలా తన పేరు తానే అరిచాడు. నాలుగో దాలినాయుడు కారు పైకప్పులోంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి తన వైపే ఊపాడని సర్పంచ్‌కి ఒళ్లు పులకరించింది.

ఆషాఢంలో గెడ్డ పొంగడం మొదలైంది. సర్పంచ్ ఎమ్మెల్యే బంగళాకి వెళ్లాడు. వరండాలో చైర్మన్, ఆయన వెనక మండలాధ్యక్షుడు అప్పటికే కూర్చుని ఉన్నారు. సర్పంచ్ వాళ్ల వెనక కూర్చున్నాడు. ముగ్గురూ ఒకేలా దగ్గారు. పొద్దు వాలాక సర్పంచ్‌కి పిలుపొచ్చింది.

"ఒరే, గుర్తుందా? అప్పట్లో ఆ నిండు చూలాలిని మెడలోతు నీళ్లలో మనమే కదా దాటించాం!" అన్నాడు ఉత్సాహంగా.

ఎమ్మెల్యే ఫోన్లోంచి తలెత్తాడు. "మీది ఏ ఊరయ్యా?"

సర్పంచ్ చేతులు కట్టుకున్నాడు. "గెడ్డవలసండి."

"చూద్దాం. వెళ్లిరా."

తాను 'అండి' అన్న సంగతి బస్సెక్కాక గానీ అతనికి తట్టలేదు. అయితే ఏం, ఆయన చూద్దామన్నాడు. ఆయనా తానే కాబట్టి తప్పకుండా చూస్తాడు. తానైతే చూసేవాడు కదా! ఈ కబురు చిన్నమ్మడికి చెప్పాలన్న ఆత్రంలో, ఒడ్డున ఉన్నవాళ్లు వద్దు వద్దంటున్నా గెడ్డలో దిగాడు. మర్నాడు దిగువన తుప్పల్లో దొరికాడు.

అంత్యక్రియలకి ఎమ్మెల్యే స్వయంగా వస్తున్నారని తెలిసి ఊరు ఉప్పొంగింది. బూట్లు తడవకుండా కుర్రాళ్లు ఆయన్ని భుజాల మీద గెడ్డ దాటించారు. ఆయన శవం మీద పూలదండ వేసి నిజంగానే ఏడ్చారు. అంత పెద్దాయన ఏడవడం చూసి జనం మురిసిపోయారు.

"ధైర్యంగా ఉండమ్మా," అన్నారాయన చిన్నమ్మడితో. "నీ భర్త నాకు బాగా తెలిసిన మనిషి."

చిన్నమ్మడు ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు సర్దుకుని చేతులు జోడించింది.

"సల్లగుండండి బాబూ."

"జోహార్ దాలినాయుడు! జై దాలినాయుడు!" అని జనం ఒకే ఊపులో అరిచారు. ఎవరూ ఎక్కడా తడబడలేదు.