ఫ్రాన్సు పల్లెల నేనొక్కన్నే

ముసలితనం గడపాలంటే ఫ్రాన్సు పల్లెటూరిని మించిన జాగ లేదు. ఇది ఎవరో చెప్తే విన్న ముచ్చట కాదు. నేను అండ్లనే ఉంటున్న. రియాద్ అవతల, సులై గోదాములు దాటినంక, ఇసుకల!

నమ్మరా? మా కఫీల్, అంటే నన్ను పన్లకు తెచ్చుకున్న యజమాని, ఓ ఎండాకాలం ఫ్రాన్సు పోయిండు. అక్కడ ఒక చిన్న పల్లె ఆయన మనసుకు పట్టింది. వచ్చి తన ఖర్జూర తోటల అసొంటిదే కట్టించిండు. శుక్రవారం జనం కార్లల్ల వచ్చి, టికెట్ కొని చూసిపోతరు. ఊరన్నంక మనిషుండాలె గదా! వాచ్‌మన్‌గా ఉన్న నన్నే ఊరి ముసలాయనను చేసిండ్రు. ఊరి మొగదల బోర్డు కూడా ఉంది. జనాభా: ఒకరు.

ఇంత శాంతి మీ ఊర్ల ఉందా? ఇరుగుపొరుగుతోని లొల్లి లేదు. ఇరుగుపొరుగే లేదు! ఇండ్లకు ముందటి గోడ తప్ప ఇంకేం లేదు, గోడెనుక ఇసుక. అన్నదమ్ములు కొట్టుకుందామన్నా పంచుకునేటందుకు ఏముంటది?

బేకరీల రొట్టె ప్లాస్టర్‌ది, పాసిపోదు. పూలు ప్లాస్టిక్‌వి, వాడిపోవు. గాలిదుమారం లేస్తే మాత్రం ఎగిరి పక్క ఒంటెల దొడ్లె పడ్తయి. ఏరుకొచ్చి మళ్ల గుచ్చుత. ఒంటెలు కొన్ని నమిలి ఉమ్మేసినయి. పాపం, వాటికి ఫ్రాన్సు రుచి తెల్వదు!

అది చలి దేశమాయె. అందుకే నాకు ఉన్ని కోటు, మెడకు మఫ్లర్, నెత్తిన గుండ్రటి టోపీ. ఎండ నలభై ఆరు! నా గది బేకరీ గోడెనుకనే ఉంది. గెస్టులున్నంతసేపు ఏసీ బంద్. ఫ్రాన్సు పల్లెల ఏసీ చప్పుడుండదట.

పని మాత్రం అల్కగ. బెంచీ మీద కూసోవాలె, మాట్లాడొద్దు. పుట్టినకాంచి నేను చేస్తున్న పనే! మా ఊర్ల దీన్ని మొండితనమన్నరు. ఇక్కడ జీతమిస్తున్నరు. ఒకామె నా గడ్డం గుంజి చూసింది, అసలుదేనా అని. ఊరు మొత్తంల అసలుది అదొక్కటేనాయె!

మొన్న నా ఫోటో ఒకటి ఇంటికి పంపిన. నా భార్య అంజవ్వకు రెండు కండ్లల్ల పొరలొచ్చినయి. ఫోన్ ముక్కుకు ఆనిచ్చుకొని చూసి, నాకు కాల్ చేసి, "గీ దొరెవడు? నువ్వేడున్నవ్?" అన్నది.

"నేనే."

"నీ పరాచకాలు మన్నుల గలువ! డాక్టరు ఇగ ఆగితే చూపు పోతదన్నడు. నువ్వు పక్కన లేకుంటే నేను ఆపరేషన్ బల్లెక్క. ఛుట్టీ అడుగుతవా, నోరు కుట్టుకొని కూసుంటవా?"

అడిగిన. మేనేజర్ ఇష్తియాక్ హైదరాబాదోడు, మంచి పిల్లగాడు. తల పట్టుకున్నడు.

"ఛుట్టీనా, చిచ్చా? నువ్వు పోతే ఊర్ల ఎవరుంటరు? మనిషి లేని ఊరికి టికెట్ ఎవరు కొంటరు?"

"ఇంకోన్ని కూసోబెట్టు."

"ఎవర్ని పెట్టినా మాట్లాడుతున్నరు, చిచ్చా!"

చూసిండ్రా నా ఇజ్జత్! మన దిక్కు సర్పంచ్ పోయినా తెల్లారి బస్సు ఆగదు. ఇక్కడ నేను లేస్తే ఊరే ఉండదు!

నేను అక్కడ్నుంచి కదలకపోయేసరికి ఇష్తియాక్ పోయి కఫీల్‌నే అడిగిండు. ఎంత దొడ్డ మనసో! నన్ను పంపుడు కాదట, అంజవ్వనే ఇక్కడికి పిలిపిస్తడట. పొడుగు గౌను కుట్టిస్తడట. బెంచీ మీద నా పక్కన కూసోబెడ్తడట. ఒక్క దెబ్బతోని జనాభా రెట్టింపు!

"ఆమెకు కండ్లు కనవడయి" అన్న.

"ఫికర్ చెయ్యకు, చిచ్చా" అన్నడు ఇష్తియాక్. "చూసేది వచ్చినోళ్లు. మీరు చూసేదేముంది?"