నా కారు వెనక ఇరుసుకు తగిలిన నజర్

మెచ్చుకున్న బండికి దిష్టి తగులుతుందని, నిమ్మకాయ తొక్కించని చక్రం ఏదో ఒకనాడు మొరాయిస్తుందని మన రాయచూరులో సర్వజనామోదం పొందిన నమ్మకం. దానిని స్వయంగా పరీక్షించే భాగ్యం గత వారం నాకు దక్కింది.

ఆ అనుభవంతో సవినయంగా మనవి చేస్తున్నాను: ప్రతి ఇంటి ముందూ, వెనక చక్రాలు బిగుసుకుపోయిన పాత కారు ఒకటి ఉండి తీరాలి!

నవ్వకండి. నడిచే కారు ఉన్నవాడు ఊరు చూస్తాడు. నడవని కారు ఉన్నవాణ్ణి ఊరే వచ్చి చూస్తుంది. ఏది గొప్ప?

నాది ముప్పై నాలుగేళ్ళ అంబాసిడర్. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే రోజుల్లో కొన్నాను. దానికి నేటి వరకూ ఒక్క కొబ్బరికాయ కొట్టలేదు, ఆయుధపూజ నాడు బొట్టు పెట్టలేదు. మూఢనమ్మకాల మీద నేనిచ్చే ప్రతి ఉపన్యాసానికీ అదే ప్రధాన సాక్షి. వేదిక పక్కన నిలిపి, ఏ పూజా లేకుండా ఎలా నడుస్తున్నదో చూడండని చూపిస్తాను. ఆదివారం గబ్బూరులో అలాంటి సభే ఉంది.

బుధవారం కవితాళ నుంచి వస్తుంటే కారు వెనక భాగం సన్నగా ఏడ్చింది. రోడ్డు దోషమని తీర్మానించాను. గురువారం ఉదయం నలుగురం తోసినా అంగుళం కదలలేదు.

బస్సులో వెళ్ళవచ్చు కదా అంటారా? దిష్టి లేదని చెప్పబోయే మనిషి, సాక్షి మంచం పట్టిందంటూ బస్సు దిగితే ఆ సభ గతేమిటి?

ఇక లాభాలు చూడండి. గంట తిరగకముందే పదకొండు మంది నిపుణులు చేరారు. ఒకరు బ్రేకులన్నారు, మరొకరు శని అన్నారు. సైకిలైనా లేని పెద్దమనిషి ఒకాయన గేర్‌బాక్స్ మార్చమన్నాడు. ఇంతటి విద్వత్సభను జీతాలిచ్చి ఏ విశ్వవిద్యాలయం సమకూర్చగలదు?

పక్కింటి బట్టల వ్యాపారి వాసుదేవ్ మాత్రం తల దించుకుని వచ్చాడు.

"తప్పు నాదే సార్. సోమారం మీ బండి జూసి, పాతదైనా ఏం మెరుస్తుంది అనుకున్న. నా నజరే తాకింది. నాది మంచి నజర్ కాదని మా అమ్మ చిన్నప్పటి సంది అంటనే ఉంటది."

నలభై ఏళ్ళుగా దిష్టికి సాక్ష్యం అడుగుతున్నాను. నేరస్థుడే నడిచి వచ్చి ఒప్పుకోవడం ఇదే మొదలు! పరిహారంగా ఒక్కసారి నిమ్మకాయతో దిగదుడుస్తానన్నాడు. వద్దంటే, ఆదివారం తన కొత్త కారులో నన్ను గబ్బూరులో దింపుతానన్నాడు. ఆ కారు ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కలిసి చిన్న కూరగాయల అంగడే వేలాడుతుంటుంది.

నేను శాస్త్రాన్ని ఆశ్రయించాను. మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగడానికి ఇరుసు మధ్యనున్న పళ్ళచక్రాల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఎలా తోడ్పడుతుందో ప్రహరీ గోడ మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. కారు ఒప్పుకోలేదు.

శుక్రవారం మెకానిక్ శరణబసవ వచ్చాడు. నా బొమ్మ వంక చూడనైనా చూడలేదు. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పాడు. బ్రేకులు వదులుచేసి మళ్ళీ తిప్పాడు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు విప్పి మళ్ళీ తిప్పాడు. తిరగలేదు. కారు కింద నుంచే అడిగాడు.

"సార్, దీంట్ల ఆయిల్ ఎప్పుడు పోయించిండ్రు?"

డైరీలు తెచ్చి తేదీలతో సహా చదివాను.

"అది ఇంజిన్ ఆయిల్ సార్. నేనడిగేది ఎనక పెట్టెది."

డైరీల్లో వెనక పెట్టె లేదు.

నా భార్య వసంతలక్ష్మి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది.

"ఆర్నెల్ల సంది చెప్తనే ఉన్న, ముగ్గేసే జాగల నూనె కారుతుందని. పాత బండికి చెమట పడతదన్నరు. ముగ్గు పక్కకు జరుపుకొమ్మన్నరు."

అన్నాను. ఆ మాటలే అన్నాను.

పాఠకులారా, దిష్టి అనే మాటలో అంత సుఖం ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఏదో ఒక కారణం చేతికి దొరికితే కారు కింద పడుకోనక్కరలేదు! వాసుదేవ్‌కు నజర్ దొరికింది. నాకు రోడ్డూ చెమటా దొరికాయి. నిమ్మకాయ కట్టకపోవడం వేరు, ఆయిల్ మూత విప్పి చూడటం వేరు. ఇన్నేళ్ళూ నేను మొదటిది చేసి, రెండవది కూడా చేశాననుకున్నాను.

శరణబసవ వెనక పెట్టె ఆయిల్ మూత విప్పాడు. లీటరుకు పైగా ఆయిల్ ఉండవలసిన చోట అర చాయ్ గ్లాసు నల్లటి జిగురు ఉంది. షాఫ్టు వచ్చి చేరే చోట ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు చినిగింది, బేరింగ్ మాడి బిగుసుకుంది. పళ్ళచక్రాలు బాగున్నాయి. శనివారం వెతికి తెచ్చిన బేరింగులూ కొత్త సీలూ వేసి ఆయిల్ నింపాడు.

సంగతి చెబితే వాసుదేవ్, "అంటే నాది కాదా సార్?" అని కొంచెం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం కారు గబ్బూరు వెళ్ళి వచ్చింది. సభలో చినిగిన సీలును కూడా బల్ల మీద పెట్టాను. సోమవారం ఉదయం గేటు ముందు నూనె మచ్చ లేదు. వసంతలక్ష్మి ముగ్గు పాత జాగాలోనే వేసింది.