నల్ల అంచు కార్డు

శనివారం ఉదయానికి సూపరింటెండెంటు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదు కుర్చీలు, ఐదుగురు పాత విద్యార్థులు, ఫ్లాస్కు నిండా టీ. ఊళ్లో వాళ్లు బొమ్మల కాలేజీ అని పిలిచే ఆ ప్రైవేటు కళాశాలలో పిల్లల్ని చేర్చాలా వద్దా అని ఊగిసలాడే తల్లిదండ్రులు తొమ్మిదిన్నరకు వస్తారు. ఇక్కడ చదివినవాళ్లు ఏమయ్యారో ఆ ఐదుగురే చెబుతారు.

చిన్న పథకమే గానీ శిల్పవిభాగం ప్రాణం దాని మీదే ఉంది. అక్కడి ఫీజు వింటే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. మట్టి, ప్లాస్టరు, కొలిమి ఏవీ ఊరికే రావు మరి. ఈ ఏడు పన్నెండు మంది చేరకపోతే విభాగం మూసేస్తామని ప్రిన్సిపాల్ మేడమ్ తేల్చేశారు. మూసేస్తే మట్టి మాస్టారు ఇంటికి పోవాలి. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే ఆరింటికి వచ్చి, పిల్లలు రాకముందే వాళ్లకు కావలసిన మట్టి తానే తొక్కి పెట్టే మనిషి ఆయన. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారో సూపరింటెండెంటు గారి ఊహకు అందలేదు. ఫారంలో తప్పు పడితే కన్నతండ్రినైనా క్షమించని సూపరింటెండెంటు గారు ఈ లోకంలో లేచి నిలబడేది ఆ ఒక్క మాస్టారిని చూసే.

అందుకే పిలుపు కార్డు దగ్గరుండి చేయించారు. కాలేజీ పేరు మరిచిపోయినా మాస్టారి ముఖం మరిచిపోరు కదా అని ఆయన ఫోటో వేయించారు. రంగులు దండగని నల్ల సిరా ఒక్కటే వాడమన్నారు. అచ్చువిభాగం పిల్లలు ఉత్సాహం ఆపుకోలేక, ఫోటో చుట్టూ బొటనవేలంత మందాన నల్ల అంచు చెక్కి వేశారు. దాని కింద "మన మట్టి మాస్టారి కోసం శనివారం తొమ్మిదింటికి అందరూ రండి" అని రాయించి, పాత రిజిస్టరులో ఉన్న రెండు వందల నంబర్లకూ ఫోన్లో పంపించారు. రెండు వందల మందిని పిలిస్తే ఐదుగురు వస్తారని ఆయన లెక్క.

వచ్చిన జవాబులు చూసి పొంగిపోయారు. నమ్మలేకపోతున్నామని ఒకరు, మాస్టారు లేని కాలేజీని ఊహించుకోలేమని ఒకరు. విభాగం మూతపడే సంగతి అప్పుడే వీళ్ల దాకా పాకిందే అని మురిసిపోయి, అందరికీ "ధన్యవాదాలు, టీ ఉంటుంది" అని తిరిగి రాశారు.

శనివారం ఎనిమిదిన్నరకే మొదటివాడు బండి చక్రమంత తెల్లపూల గుత్తితో దిగాడు. వేదికకు బాగుంటుందని సూపరింటెండెంటు గారు దాన్ని అందుకుని బల్ల మీద పెట్టారు. రెండోవాడు ఆయన్ని కావలించుకుని బావురుమన్నాడు. ఆలస్యంగా వచ్చినందుకు తాను ఒకప్పుడు రోజూ గేటు బయట నిలబెట్టిన కుర్రాడికి ఇంత ప్రేమా అని ఆయన వాడి వీపు తట్టారు. తొమ్మిదయ్యేసరికి ఆవరణ నిండింది. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ఆయన మాత్రం ఫ్లాస్కు వైపు చూసి బెంగపడ్డారు.

తల్లిదండ్రులూ వచ్చారు. వాళ్లలో ముందున్నది ఇనుప సామాన్ల వ్యాపారి. ఆయన కూతురు శిల్పమే చదువుతానని పట్టుబట్టింది. ఇంత పోసి చదివిస్తే రేపు నా పిల్ల ఏం చేస్తుందని ఆయన ఆ వారంలో నాలుగుసార్లు వచ్చి అడిగాడు. ఇప్పుడు అదే ప్రశ్న పక్కనున్నవాళ్లను అడగసాగాడు. ఒకడు పళ్ల డాక్టర్లకు కట్టుడుపళ్లు చేస్తున్నాడట. ఒకామె బిస్కెట్ల ఫ్యాక్టరీకి అచ్చులు చెక్కుతోందట. ఇంకొకడు చదివిందేదీ పనికిరాక మూడేళ్లు తిరిగి, చివరికి నాటకాలకు మాస్కులు చేస్తూ స్థిరపడ్డాడట. అందరూ కళ్లు తుడుచుకుంటూనే చెబుతున్నారు.

అప్పుడే కృత్రిమ కాళ్లూ చేతులూ చేసే కేంద్రం నుంచి ఒకమ్మాయి ప్లాస్టరు సంచి, గిన్నె పట్టుకుని వచ్చింది. "మాస్టారి ముఖం అచ్చు తీసి దాచుకుంటామండీ. ఆయన్ని ఎక్కడ ఉంచారు?" అంది.

తల్లిదండ్రుల ముందు పని చేసి చూపిస్తుంది కాబోలు, ఎంత తెలివైన పిల్ల అనుకున్నారు సూపరింటెండెంటు గారు. "వెనక షెడ్డులో బల్ల మీద ఉన్నారమ్మా. అందరూ చూస్తారు, కానివ్వు," అన్నారు.

మట్టి తొక్కడం అయ్యాక కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని ఓ గంట పడుకోవడం మాస్టారి అలవాటు. ఆ రోజు గుడ్డ తెల్లది. చేతులు రెండూ గుండెల మీద ఉన్నాయి. రెండు వందల మంది తలలు వంచారు. అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, మీరు నేర్పిన పనే మాకింత కూడు పెడుతోంది మాస్టారూ అని గొణుగుతూ, గుడ్డ తీసి, కన్నీళ్లతో సరిగా కనబడకపోయినా ఆ ముఖానికి నూనె రాసి, గడ్డం మీద మొదటి చెంచా ప్లాస్టరు వేసింది.

మాస్టారు కళ్లు తెరిచారు. గడ్డం మీది ప్లాస్టరు రెండు వేళ్లతో తీసి నలిపి చూశారు.

"నీళ్లెక్కువయ్యాయి," అన్నారు. "ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

గిన్నె కింద పడింది. పూలు తెచ్చినవాడు ఉన్నచోటనే కూలబడ్డాడు. ఏడుస్తున్నవాళ్లు నవ్వారు, నవ్వబోయినవాళ్లు ఏడ్చారు. ఎవరి ఫోన్లోనో ఉన్న కార్డు చేతులు మారి మాస్టారి దాకా వచ్చింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, అంచు బాగా చెక్కారని మెచ్చుకున్నారు. సూపరింటెండెంటు గారి ముఖం మాత్రం ప్లాస్టరు కంటే తెల్లగా ఉంది. గుమ్మంలో ప్రిన్సిపాల్ మేడమ్ ఎప్పటినుంచి నిలబడి ఉన్నారో తెలియదు. విభాగంతో పాటు తన ఉద్యోగమూ పోయిందనే అనుకున్నారాయన.

ఇనుప సామాన్ల వ్యాపారి గొంతు సవరించుకున్నాడు.

"ఫీజు ఎక్కువేనండీ, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నా దగ్గర పని నేర్చుకుని వెళ్లినవాళ్లు వంద మంది ఉంటారు. నేను పోయానంటే ఒక్కడూ రాడు. ఫారం ఎక్కడివ్వాలి?"

మధ్యాహ్నానికి పంతొమ్మిది ఫారాలు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. ఎలాగూ వచ్చారు కదా అని మాస్టారు పాతవాళ్లందరి చేతా సోమవారం పాఠానికి మట్టి తొక్కించారు.

పెయింటింగు విభాగంలోనూ ఈ ఏడు చేరికలు తక్కువేనట. ఆ సాయంత్రమే పెయింటింగు మాస్టారు ఆఫీసుకొచ్చి, ఫైల్లో ఉన్న తన ఫోటో తీసుకుని వెళ్లిపోయారు.