ఉక్కు బండి మీద ఉస్మాన్‌గంజ్ అభిప్రాయం

కొనని బండి మీద అభిప్రాయం చెప్పడం పౌరుడి ప్రాథమిక హక్కు. ఈ హక్కును ఉస్మాన్‌గంజ్ వాడుకున్నంత నిష్ఠగా దేశంలో మరే ప్రాంతమూ వాడుకోలేదని సగర్వంగా మనవి.

బెల్లం హోల్‌సేల్ వ్యాపారి మనీష్ ఒక కరెంటు పికప్ ట్రక్కు తెప్పించాడు. రంగు లేదు, ఒంపు లేదు. పడుకోబెట్టిన ఉక్కు బీరువాకు చక్రాలు బిగించినట్టుంటుంది. అది దిగిన గంటలోనే చాయ్ హోటల్ ముందు భద్రతా అభిప్రాయ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు డానియేలు, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా రిటైరైన మనిషి. (ఎక్కినవాళ్లు పక్షపాతం చూపుతారు కాబట్టి ఎక్కనివాళ్ల అభిప్రాయానికే విలువ అని తొలి తీర్మానం.)

"వానకు గల్లీల మోకాళ్లదాక నీళ్లొస్తయి. అండ్ల షాక్ కొడ్తే ఎవడు జిమ్మేదార్?" అన్నాడు డానియేలు.

"కొట్టది సార్. కంపెనోళ్లు రాసిచ్చిన్రు," అన్నాడు మనీష్.

"రాసిచ్చినోడు మన గల్లీ చూసిండా?"

ప్రశ్న రికార్డులకెక్కింది. మూలల పదును పరీక్షించడానికి ఒక సభ్యుడు తన మోకాలిని సమర్పించాడు. (మోకాలు ఓడింది.)

సంఘంలో చేరనిది గుండయ్య ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా మనీష్ దుకాణం సరుకును రిక్షా మీద చేరవేస్తున్నది అతడే. "బోనాల బెల్లం ఇయ్యాల ట్రక్కుల ఛత్రినాక చేరిందంటే, సోమవారం నుంచి రిక్షా అక్కర్లేదు గుండన్నా," అని మనీష్ పొద్దున్నే మొహం చూడకుండా చెప్పాడు. గుండయ్య చాయ్ సగంలో వదిలి బస్తాలు ఎక్కించడానికి లేచాడు.

బస్తాలు ఎక్కాయి. శనివారం కావడంతో మనీష్ తల్లి సుశీలమ్మ బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది, సరిగ్గా దారి చూసే కెమెరాకు ఎదురుగా. మనీష్ స్టార్ట్ చేశాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ‘ఎదురుగా అడ్డంకి ఉంది. తొలగించండి.’ ట్రక్కు అంగుళం కదలలేదు.

"అమ్మా, జర ఆ నిమ్మకాయ పక్కకన్న జరుపే."

"ముందల కట్టేది పక్కకు కడ్తరా? గంత పెద్ద బండి నిమ్మకాయకు భయపడుడేందిరా?"

కట్టిన నిమ్మకాయను విప్పడం భద్రతా ఉల్లంఘన అని సంఘం అత్యవసరంగా తేల్చింది. కంపెనీ హెల్ప్‌లైన్ అడ్డంకి పేరు అడిగింది. నిమ్మకాయ వాళ్ల జాబితాలో లేదట. మధ్యాహ్నానికి ఛత్రినాక దుకాణాల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చివరికి బస్తాలు దిగి రిక్షా ఎక్కాయి. గుండయ్య మూడు ట్రిప్పుల్లో అన్నీ చేర్చాడు. సోమవారం కూడా రమ్మన్నాడు మనీష్, ఈసారి మొహం చూసే. గుండయ్యకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం సంఘం నివేదిక వెలువడింది. వచ్చినప్పటి నుంచి ఒక్క ప్రమాదమూ చేయలేదు గనుక ట్రక్కు పూర్తిగా సురక్షితం.

ఆ హుషారులో గుండయ్య కూడా దగ్గరికొచ్చాడు. "సారూ, నా రిక్షాకు బ్రేకులు పడక మూడేండ్లాయె. జర దానిమీద గూడ రాయుండ్రి."

డానియేలు కాగితాలన్నీ తిరగేసి చూశాడు.

"అది పాత బండి గుండయ్యా. దానిమీద ఎవ్వరికీ డౌట్ లేదు."